ఇంజన్ ఆపినాక ఒక బీడీ సేపు

మొన్నటిదాకా బండి చప్పుడుకు యమున లేచేది. ఇప్పుడు యమున లేపితేనే బండి లేస్తోంది.

భర్త రాయమల్లు ఉన్న రోజుల్లో పొద్దున అయిదున్నరకల్లా వాకిట్లో ఆరు చక్రాల లారీ గుర్రుమనేది. ఆ గుర్రు చెవిన పడగానే యమున లేచి చాయ పెట్టేది. ఇంజన్ చప్పుడు మెత్తబడేసరికి చాయ పొంగేది. గడియారం అక్కర్లేని ఇల్లు అది. రాయమల్లు పోయి ఎనిమిది నెలలైంది. కేసముద్రం మార్కెట్ యార్డు గేటు ముందు, మక్కల బస్తాల లోడుతో వరుసలో నిలబడ్డ బండిలో, స్టీరింగ్ మీద తల ఆనించిన మనిషి మళ్లీ ఎత్తలేదు. నిద్రపోయాడనుకుని వెనక బండ్లవాళ్లు హారన్లు కొట్టారట. గుండె ఆగిందని దవాఖానలో చెప్పారు. మూడో రోజున, యమునకు వరుసకు తమ్ముడయ్యే ఎల్లస్వామి ఆ బండిని తోలుకొచ్చి వాకిట్లో నిలబెట్టాడు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

నెల మాసికం దాటాక ఒక పొద్దున యమున ఆ తాళంచెవి పట్టుకుని క్యాబిన్ ఎక్కింది. తోలడం రాదు. నిలబెట్టిన బండి నిలబడ్డ చోటే చెడిపోతుందని రాయమల్లు అనేవాడు, ఆ ఒక్క మాట పట్టుకుని ఎక్కింది. తాళంచెవి తిప్పింది. అయిదు నిమిషాలు ఇంజన్‌ను నడవనిచ్చింది. ఆపింది, దిగింది, బ్యాటరీ పెట్టె పక్కనున్న ఎర్ర పిడి తిప్పి కరెంటు కోసింది. ఈ బండి కొన్నప్పటి నుంచి మూడేళ్లు కిటికీలోంచి చూసిన పనే. పాత బండికి ఒకసారి వైరు కాలి పొగలు వచ్చినప్పటి నుంచి, ఆ పిడి తిప్పకుండా రాయమల్లు ఇంట్లోకి వచ్చేవాడు కాదు. అప్పటి నుంచి రోజూ ఆరింటికి యమునకు ఇదే మొదటి పని.

అత్త లక్ష్మీనర్సమ్మ అరుగు మీద కూచుని చూసేది. "సంటిపిలగానికి పాలు తాపినట్టు తాపుతానవ్ దానికి. తాగుతది గని మాట్లాడదాయె," అనేది. అనేదే గాని, ఏ రోజైనా ఆరు దాటితే, "ఏమే, ఇయ్యాల దాన్ని లేపవా?" అని కేక వేసేది కూడా ఆమే.

నెల కిందట స్టీరింగ్ ముందు ఒక పసుపు దీపం వెలిగింది. యమున దాన్ని పట్టించుకోలేదు. బండిలో చాలా దీపాలుంటాయి, వాటిలో ఇదొకటి అనుకుంది. ఆ వారమే ఎల్లస్వామి వచ్చి, "అక్కా, బండి నాకియ్యి, కేసముద్రం కిరాయిలు నేను కొడత, ఇంటికి ఆసరైతది," అన్నాడు. యమున సరేనంది. బండి గేటు దాటి రోడ్డెక్కింది గాని పరుగు అందుకోలేదు. ఎంత తొక్కినా మనిషి నడక. చిన్న తెరమీద ఇంగ్లిష్ అక్షరాలు కొట్టుకుంటున్నాయి. ఊరి పొలిమేర దాటకుండానే ఎల్లస్వామి వెనక్కి తిప్పుకొచ్చాడు.

ఇప్పటి డీజిల్ బండ్లకు పొగను శుభ్రం చేయడానికి ఒక రకం నీళ్లు పోస్తారు. నీలం మూత ఉన్న చిన్న ట్యాంకు దానికోసమే. డ్రైవర్లు దాన్ని యూరియా నీళ్లు అంటారు. ఒక పంపు ఆ నీళ్లను గట్టిగా తోసి, సైలెన్సర్ గొట్టంలో సన్నటి తుంపరగా చిమ్మాలి. ఆ తోపుడు తగ్గిందంటే బండిలోని కంప్యూటర్ ఊరుకోదు. పొగ మురికిగా పోతోందని ఇంజన్ గొంతు పట్టుకుంటుంది. రాయమల్లు బండికి పట్టుకుంది అదే. ఎల్లస్వామి తీసుకొచ్చిన మెకానిక్ పది నిమిషాలు చూసి, పంపు మొత్తం మార్చాలి, అది ఎప్పుడొస్తుందో చెప్పలేను, మార్చినా నడుస్తుందని మాట ఇవ్వలేను అన్నాడు.

సుబేదారిలో ఉండే మరిది ఓంప్రకాశ్ ఫోన్ చేశాడు. చెడ్డవాడేం కాదు, ఆఫీసు మనిషి, లెక్కగా ఆలోచిస్తాడు. "వదినా, నిలబడే కొద్ది అది ఇనుప ముక్కయితది. గురువారం బ్రోకర్‌ను తోల్కొస్త, ఇచ్చేద్దాం," అన్నాడు.

యమున కిటికీలోంచి బండి వంక చూసింది. ఆ ఊళ్లో ఎవరికి తోవ చెప్పినా, "లారీ రాయమల్లు ఇల్లు దాటినంక ఎడమకు" అని చెబుతారు. బండి పోతే ఆ మాటలో ఏం మిగులుతుంది?

"బుధవారం అహ్మదన్న వస్తాన్నడు," అంది. "ఆయనతోని గూడ కాకపోతే గురువారం నువ్వు చెప్పినట్టే చేద్దాం."

మట్టెవాడలో అహ్మద్ షెడ్డుకు బోర్డు లేదు. ముందర ఒక పాత టైరు వేలాడుతుంటుంది, అదే గుర్తు. అహ్మద్‌కు యాభై అయిదేళ్లు దాటాయి. ముప్పై అయిదేళ్లుగా లారీల కింద పడుకున్న మనిషి. అయినా, పాడైంది అనే మాట ఆయన నోట ఎవరూ వినలేదు. "అలిగింది" అంటాడు. బండి ఎందుకు అలిగిందో తెలియకుండా పాన పట్టుకోడు. ముందు చాయ తాగాలి. తర్వాత తోలినవాణ్ని ఎదురుగా కూచోబెట్టుకుని, పొద్దున తాళంచెవి పెట్టినప్పటి నుంచి రాత్రి దిగేదాకా ఏమేం చేశాడో ఒక్కొక్కటిగా చెప్పించుకోవాలి. "హకీమ్ నాడి చూస్తడు. బండికి నాడి లేదు, డ్రైవర్‌కు నోరున్నది," అంటాడు. తొందర ఉన్నవాళ్లు విసుక్కుని వేరే షెడ్డుకు పోతారు. పది రోజులకు మళ్లీ ఆయన దగ్గరికే వస్తారు.

కంప్యూటర్ బండ్లు వచ్చినప్పుడు ఆయన తోటి మిస్త్రీలు చాలామంది చేతులెత్తేశారు. అహ్మద్ మాత్రం వాడిన స్కానర్ ఒకటి సంపాదించాడు. దాని మీద వచ్చేదంతా ఇంగ్లిష్. ఆయనకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాడు, ఇంగ్లిష్ అసలే రాదు. అయినా ఫికర్ లేదు. తెర ఫొటో తీసి ఇంట్లో ఉన్న భార్య రజియాకు పంపుతాడు. పదో తరగతి చదివిన రజియా కుట్టుమిషన్ ఆపి, చదివి, ఏం రాసుందో ఫోన్‌లో తన గొంతుతో చెప్పి పంపుతుంది.

రాయమల్లుకూ ఆయనకూ ఇరవై ఏళ్ల స్నేహం. యమునను మొదటిసారి చూసినప్పుడే చెల్లె అన్నాడు కాబట్టి రాయమల్లు బావ అయ్యాడు, లక్ష్మీనర్సమ్మ అత్త అయింది. ఆ వరుస పట్టుకుని ఇద్దరు మగవాళ్లూ ఒకర్నొకరు తిట్టుకోని రోజు లేదు.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి స్కూటర్ వచ్చి ఆగింది. వాకిట్లో బండి పక్కన అహ్మద్ కాసేపు నిలబడ్డాడు. బానెట్ మీద అరచేయి పెట్టి తీశాడు.

"ఏం అహ్మదూ," అరుగు మీద నుంచి లక్ష్మీనర్సమ్మ అంది, "గడ్డం తెల్లగైంది గని, పని షురూ చేసుడు మాత్రం ఇంక నేర్వలేదా? పొద్దు నెత్తికెక్కుతాంది."

"నువ్వు చాయ పొయ్యందే పని ఎట్ల షురూ అయితది అత్తా?"

"నేను పోసే చాయ తాగితే నువ్వు పని మానేస్తవ్. ఏ యమునా, అన్నకు చాయ."

యమున చాయ తెచ్చింది. అహ్మద్ చేతులు పాత పేపర్‌తో తుడుచుకుని కప్పు అందుకున్నాడు.

"కూసో చెల్లె. చెప్పు. రోజూ ఏం చేస్తవ్ దీన్ని? మొదటికెల్లి."

యమున చెప్పింది. ఎక్కడం, తాళంచెవి, అయిదు నిమిషాలు, ఆపడం, దిగడం, పిడి తిప్పడం.

"ఆపినంక పిడి ఎంటనే తిప్పుతవా?"

"ఎంటనే. మర్వకుండ. ఆయన గూడ అదే చేసెటోడు గదా."

అహ్మద్ తలూపాడు. కప్పు కింద పెట్టి లేచాడు. అందులో సగం చాయ ఉంది. యమున ఆ సగం చాయ వంక చూసింది. ఇరవై ఏళ్లలో ఆయన ఈ ఇంట్లో చుక్క చాయ విడిచింది లేదు.

స్కానర్ తగిలించి ఫొటో పంపాడు. రెండు నిమిషాలకు రజియా గొంతు గట్టిగా మోగింది. "ప్రెషర్ తక్కువ అని రాసున్నది జీ. ట్యాంకు నీళ్లు ఫుల్ చూపిస్తాంది. ఇంకేం లేదు. ఒచ్చేటప్పుడు కొత్తిమీర తేండి. నిన్న మీరు తెచ్చింది పుదీనా."

"ఇంజన్ల ఎంట్రుకంత పగులు కనవడుతది ఈయనకు, కొత్తిమీర కనవడదు," అంది లక్ష్మీనర్సమ్మ.

ఆ తర్వాత రెండు గంటలు అహ్మద్ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. ముందు నీలం మూత తీసి పుల్లతో కొలిచాడు. నీళ్లున్నాయి. ఒక చుక్క తీసి చిన్న దుర్బిణి లాంటి దాని మీద పోసి వెలుతురుకు పట్టి చూశాడు. నీళ్లు మంచివే, కల్తీ లేదు. ట్యాంకు అడుగున ఉన్న జల్లెడ తీశాడు. మురికి లేదు. పంపు నీళ్లు పీల్చుకునే గొట్టం పొడుగునా వేళ్లతో తడిమి, సందుల దగ్గర సబ్బు నురగ రాసి చూశాడు. ఎక్కడా గాలి లోపలికి దూరడం లేదు. పంపుకు వచ్చే కరెంటు చూశాడు. సరిగానే ఉంది. తీసిన ప్రతి బోల్టునూ యమున ఇచ్చిన స్టీలు పళ్లెంలో, తీసిన వరుసలోనే పెట్టుకుంటూ వచ్చాడు. ఒక్కొక్కటి బాగుందని తేలుతున్న కొద్దీ మనిషి సంతోషించాలి. కానీ ఆయన మొహం ఇంకా కిందికి దిగుతోంది. ఏదో ఒకటి చెడి ఉంటే బాగుండు అని వెతుకుతున్నట్టుంది.

చివరికి గొట్టానికి ప్రెషర్ మీటర్ బిగించి ఇంజన్ వేయించాడు. తాళంచెవి యమునే తిప్పింది. తర్వాత దిగి వచ్చి ఆయన భుజం మీదుగా చూసింది.

"తొమ్మిది మీదికి పోవాలె," అన్నాడు అహ్మద్.

ముల్లు మూడు దాకా ఎక్కి, అక్కడే వణుకుతూ ఆగింది.

"పంపు పోయినట్టేనా అన్నా?"

"ఇప్పుడే దాన్ని పాడె ఎక్కియ్యకు." పంపు నుంచి ట్యాంకుకు తిరిగి వెళ్లే సన్నటి గొట్టానికి గుడ్డ చుట్టి, పట్టకారుతో మెల్లగా నొక్కాడు. ముల్లు కదిలింది. అయిదు. ఏడు. తొమ్మిది మీద నిలబడింది. పట్టు వదలగానే మళ్లీ మూడుకు పడింది. రెండోసారి నొక్కి చూశాడు. మళ్లీ అదే.

"పంపు మంచిదే చెల్లె. దాని బలం దానికున్నది. కని తోసిన నీళ్లు తోసినట్టే ట్యాంకులకు ఎనుకకు పోతానయి. ఎనుకకు పోయే తోవకు లోపల ఒక తలుపుంటది. అది పూర్తిగ మూసుకుంటలేదు." ఇంజన్ ఆపించాడు.

ఈసారి పిడి వైపు యమున చేయి వెళ్లబోతుంటే, "జర ఆగు," అన్నాడు. ఎందుకో చెప్పలేదు. కాసేపు నేల చూస్తూ నిలబడి, ఆయనే వెళ్లి తిప్పాడు.

పంపు ఊడదీసి గోనె సంచి మీద పెట్టి విప్పాడు. లోపల చిటికెన వేలంత తలుపు. దాని అంచు చుట్టూ చక్కెర పలుకుల్లా తెల్లగా పేరుకుని ఉంది. వేలికి అంటితే గరగరలాడింది.

"చెల్లె, నీళ్లు కాగవెట్టు. నల్లా నీళ్లొద్దు, నేను తెచ్చిన డబ్బల ఉన్నయి, బ్యాటరీలల్ల పోసేటియి. ఉప్పూ నూనె తగలని గిన్నె ఉంటే అండ్ల పెట్టు. పిలగానికి తానం పోసేటంత వేడి సాలు."

యమున అలమార పైనుంచి కొత్త గిన్నె దించి, ఇంకా తీయని స్టిక్కర్ గోకేసి, నీళ్లు వేడి చేసి తెచ్చింది. తలుపు ముక్కను అందులో ముంచగానే తెల్లటి పలుకులు పాలలో కలకండలా కరగడం మొదలైంది. ఇంతటి బండిని కూచోబెట్టింది ఈ పలుకులా! ఆమె గిన్నె పట్టుకునే అడిగింది.

"అన్నా, ఒక్క మాట. నిజం చెప్పు. ఇది నా చేతులతోని అయ్యిందే గదా?"

"నిలబడ్డ బండికి ఇసొంటియి అయితయి చెల్లె..."

"సగం చాయ ఇడ్సినవ్."

అహ్మద్ బ్రష్షుతో తలుపు అంచు రుద్దుతూనే ఉన్నాడు. తర్వాత బ్రష్షు పక్కన పెట్టాడు.

"ఈ కొత్త బండ్లకు ఒక అలవాటున్నది. ఇంజన్ ఆపంగనే పంపు పండుకోదు. గొట్టాలల్ల మిగిలిన నీళ్లను మళ్ల ట్యాంకులకు గుంజుకుంటది. దానికి ఒక రెండు నిమిషాలు పడుతది. అంతట్లనే కరెంటు కోస్తే, నీళ్లు ఎక్కడియి అక్కడ ఆగుతయి. ఆగినయి ఎండుతయి. రోజింత, రోజింత."

ఏడు నెలలు. రోజూ ఆరింటికి. యమున లెక్కపెట్టలేదు గాని లెక్క దానంతట అదే వచ్చింది. బతికించుకుందామని రోజూ పోసిన ప్రాణమే రోజూ కొంచెం కొంచెం గొంతుకు అడ్డం పడింది.

"మరి ఆయన? ఆయన గూడ కోసెటోడు గదా. నా కండ్లతోని చూసిన."

"కోసెటోడు. ఎప్పుడు కోసెటోడు? మంచిగ యాది చేస్కో."

యమున యాది చేసుకుంది. బండి ఆగేది. రాయమల్లు దిగి ముందు టైరు పక్కన గొంతుక్కూచునేవాడు. బీడీ ముట్టించేవాడు. లోపల నుంచి తను అరిచేది, "అన్నం సల్లారుతాంది, ఇంటి ముంగటికొచ్చి గూడ గా టైరు కాడ ఏం కొలువు?" అని. "ఆ, వస్తాన" అనేవాడు, వచ్చేవాడు కాదు. బీడీ చివరిదాకా కాలాక, నేలకు రాసి ఆర్పి, అప్పుడు లేచి పిడి తిప్పేవాడు. తల్లి కంట పడకుండా బీడీ తాగడానికి అక్కడ కూచుంటాడని మూడేళ్లు అనుకుంది. ఎన్నిసార్లు విసుక్కుంది! ఒక్కనాడైనా ఇందుకోసం అని చెప్పలేదు ఆ మనిషి.

"బండి కొన్న దినమే నేను చెప్పిన," అన్నాడు అహ్మద్. "రెండు నిమిషాలు గడియారం చూసుకో అంటే ఏ డ్రైవరూ చూస్కోడు. అందుకని, 'బావా, ఇంజన్ ఆపినంక ఒక బీడీ తాగు, అది కాలేదాక పిడి ముట్టకు' అన్న. బీడీ అంటే మర్వడు గదా. నీ చేతులల్ల తప్పు లేదు చెల్లె. నేను వానికి చెప్పిన, వాడు నీకు చెప్పలె. నువ్వు చూసింది చూసినట్టు చేసినవ్. తాగని బీడీ ఒక్కటే ఇడ్సిపెట్టినవ్."

అరుగు మీద నుంచి లక్ష్మీనర్సమ్మ దిగి వచ్చింది. "అయితే నా కొడుక్కు బీడీలు తాపింది నువ్వా? డాక్టర్ మానమన్నడని నేను కట్టలు దాచిపెడుతాంటే, నువ్వు ఈడ బండికి మందని రాసిచ్చినవా?"

అహ్మద్ తలెత్తలేదు. "దినానికి ఒక్కటే అని చెప్పిన అత్తా," అన్నాడు. ఎనిమిది నెలలుగా ఆయన మోస్తున్నది ఏమిటో యమునకు అప్పుడు తెలిసింది. ఈ వాకిట్లోకి రావడానికి ఇన్నాళ్లు ఎందుకు పట్టిందో కూడా.

ముసలామె ఆయన ముందు నిలబడింది. గిన్నెలో కరిగిపోతున్న తెలుపును చూసింది. "ఆ ఒక్కటే పనికొచ్చెటట్టు తాగిండు," అంది చివరికి. "మిగతాయి ఉత్తగనే తాగిండు. లే, తిని చెయ్యి. జొన్నరొట్టె, పచ్చిపులుసు ఉన్నది."

యమునకు నవ్వొచ్చింది. ఇంత కాలానికి వచ్చిన నవ్వు కాబట్టి ఎలా ఆపాలో తెలియలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. బయటికి వచ్చేసరికి కళ్లు తుడుచుకుని ఉంది.

మూడింటికి పంపు మళ్లీ ఎక్కింది. గొట్టాలన్నీ వేడినీళ్లతో కడిగారు. ముల్లు తొమ్మిది మీద నిలబడి కదల్లేదు. ఎల్లస్వామి వచ్చి బండిని రోడ్డు మీద గంటసేపు తిప్పుకొచ్చాడు. పసుపు దీపం ఆరిపోయింది. యమున ఓంప్రకాశ్‌కు ఫోన్ చేసి, "బ్రోకర్‌ను రావద్దని చెప్పు," అంది. "నిజంగ నడుస్తాందా వదినా?" అన్నాడతను. ఆమె ఫోన్‌ను ఇంజన్ వైపు పట్టింది. అవతల ఓంప్రకాశ్ చాలాసేపు ఆ చప్పుడు వింటూ ఉండిపోయాడు.

పోయే ముందు అహ్మద్ పళ్లెం తనే కడిగి బోర్లించాడు. ఈసారి కప్పులో చుక్క మిగల్లేదు. "ఒకటే మాట చెల్లె. రోజూ అయిదు నిమిషాలు నిలబెట్టి నడిపితే దీనికి సాలదు. దీనికి తోవ కావాలె, లోడు కావాలె, ఒళ్లు వేడెక్కాలె. వాకిట్ల ఉంచుకుంటే మళ్ల అలుగుతది."

యమున బండి వంక చూసి, "పోనీ అన్నా," అంది. "దాని పని అది చేసుకోనీ."

తెల్లవారి అయిదున్నరకు ఎల్లస్వామి వచ్చాడు. కేసముద్రంలో మక్కల లోడు ఉందట. యమున తాళంచెవి ఇచ్చి, ఎక్కబోతున్నవాణ్ని ఆపింది.

"ఆపినంక ఎర్ర పిడి ఎంటనే తిప్పకు. నువ్వు బీడీ తాగుతవా?"

"తాగనక్కా. ఎందుకు?"

"అయితే దిగినంక ఒక్కటికెల్లి రెండు వందల దాక ఎంచు. మెల్లగ ఎంచు. తప్పితే మళ్ల మొదటికెల్లి ఎంచు."

"నిద్రొస్తదేమో అక్కా!"

"వస్తే నన్ను యాది చేస్కో, పోతది."

ఎల్లస్వామి నవ్వి ఎక్కాడు. బండి గుర్రుమంది. వాకిలి దాటి, గేటు దాటి, రోడ్డు మలుపు తిరిగి, చప్పుడు సన్నగిల్లేదాకా అత్తాకోడళ్లిద్దరూ నిలబడ్డారు. తర్వాత యమున చీపురు తీసుకుంది. రాత్రి చిన్న వాన పడి వాకిలి మెత్తగా ఉంది. అందులో గేటు వైపు సాగిపోతూ టైర్ల అచ్చులు, గీత గీతగా, ఎవరో ముగ్గు పెట్టినంత స్పష్టంగా ఉన్నాయి. మనిషి బయలెల్లిన వెంటనే ఆ ఇంట్లో ఎవరూ ఊడవరు. పోయినవాళ్లు తోవలో కొంత దూరం సాగేదాకా ఆగుతారు. యమున ఆగింది. ఏడయింది, ఎనిమిదయింది. ఎల్లస్వామి కేసముద్రం చేరానని ఫోన్ కూడా చేశాడు.

"ఏమే, ఇంక ఊడ్వవా?" అంది లక్ష్మీనర్సమ్మ. "పెండ సాన్పు చల్లే యాళ్ల గూడ దాటింది. నలుగురు చూస్తే ఏమంటరు?"

"బండి పోయిందంటరు," అంది యమున.

చీపురు గోడకు ఆనించి, అచ్చులు తొక్కకుండా పక్కనుంచి నడిచి, లోపలికి వెళ్లి బియ్యం కడగడానికి కూచుంది.